వచ్చినవారికి గైర్హాజరు



బడిలో పొద్దున మేము చేసే మొదటి పని హాజరు తీసుకోవడం. ఒక పిల్లవాడు వేళకే బడికి వచ్చాడనుకోండి. గేటు దగ్గర ఏదో కారణంగా పిల్లలందరినీ వరుసలో నిలబెట్టారు. ఆ వరుస కదలక, ఆ పిల్లవాడు తరగతిలోకి రావడానికి అరగంట పట్టింది. అతనికి గైర్హాజరు వేస్తామా? వేయము. వేస్తే మరునాడు వాళ్ల నాన్న వచ్చి, "సారూ, మావాడు మీ గేటు లోపలే ఉన్నాడు కదా, రాలేదని ఎట్లా రాసిన్రు?" అని అడుగుతాడు. మా దగ్గర జవాబు ఉండదు.

బడిలో జరగనీయని ఈ పని పెద్ద దవాఖానాల్లో తరచుగా జరుగుతున్నది. అపాయింటుమెంటు ఉండి, వేళకు ముందే వచ్చి, కింద రిజిస్ట్రేషను లైన్లో నిలబడ్డ మనిషిని పైన డాక్టరు గది దగ్గర "రాలేదు" అని రాసేస్తున్నారు. ఈరోజు మీతో మాట్లాడదలచుకున్నది ఈ విషయమే.

మా బీదరు వాళ్లకు హైదరాబాదు దవాఖానాలతో సంబంధం పాతది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. ఇవాళ తెలంగాణలో ఉన్న జహీరాబాదు, నారాయణఖేడ్ ఆనాడు బీదరు జిల్లాలోవే. సరిహద్దు మారింది గాని అలవాటు మారలేదు. ఇప్పుడు మా ఊళ్లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, చాలా జబ్బులకు వైద్యం ఇక్కడే దొరుకుతుంది. అయినా పెద్ద జబ్బు అనగానే జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి మీదుగా బస్సెక్కి హైదరాబాదు చేరుకునే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. దూరం సుమారు 140 కిలోమీటర్లు. ఊరు దాటేవరకు కన్నడం, జహీరాబాదు నుంచి తెలుగు, దారి పొడుగునా ఉర్దూ.

మా అత్తమ్మకు చక్కెర జబ్బు. అది కంటి వెనుక పొరకు పాకింది. ఈ జబ్బుకు కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. మొదట్లో వాటిని నెలకొకటి చొప్పున వేస్తారు. ఒకటి వేసి రెండోది మరచిపోతే కుదరదు. వేళ తప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపించారు. రెండు ఇంజెక్షన్లు సవ్యంగానే జరిగాయి. మూడోదానికి పొద్దున 10.30కు అపాయింటుమెంటు ఇచ్చారు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంట్లోంచి బయలుదేరాము. నేను బడికి సెలవు పెట్టాను. తోడుగా వచ్చిన మా మరిది ఆ రోజు కూలి వదులుకున్నాడు. 9.10కి దవాఖానా గేటు దాటాము. అంటే గంటా ఇరవై నిమిషాలు ముందు. లైను మెట్ల దాకా ఉంది. మేము కౌంటరు దగ్గరకు చేరేసరికి పదిన్నర దాటింది. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆధారు కార్డు మీద ఆమె పేరు కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. పాత ఫైలు మీద తెలుగు చెవికి వినబడినట్టు రాసుకున్నారు. రెండింటిలో అక్షరాలు కలవలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి మంచిదే. కాని కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ పేరు సరిచేసి చీటీ చేతికిచ్చేసరికి 11.20 అయింది.

పైకి పరుగెత్తాము. గది బయట కూర్చున్న ఆయన పేర్ల పట్టీ చూసి, "రెండుసార్లు పిలిచినం, మీరు లేరు" అన్నాడు.

"కింద లైన్లనే ఉన్నం కదా సార్" అన్నాను.

"అది మాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

ఆ మాటలో దురుసుతనం లేదు. నిజమే చెప్పాడు. అతనికి తెలిసే ఏర్పాటు ఆ దవాఖానాలో లేదు. ఆ రోజు ఇంజెక్షన్ల వేళ అయిపోయింది. మళ్లీ తారీఖు మూడు వారాల తర్వాత దొరికింది. తిరుగు బస్సులో అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. సంగారెడ్డి దాటిన తర్వాత మాత్రం, "వచ్చినోళ్లను రాలేదని రాస్తే, రానోళ్లను ఏమని రాస్తరే?" అని అడిగింది. నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆమె పోయిన ఏడాది దాకా బియ్యంలో రాళ్లు తానే ఏరేది. ఇప్పుడు చేత్తో తడిమి ఏరుతుంది. ఆ మూడు వారాల ఆలస్యం వల్లనే చూపు తగ్గిందని నేను అనలేను. జబ్బు ముదిరినదే. కాని వేళకు రావాలని చెప్పినవారి దగ్గరికే వేళకు వెళ్లి, వైద్యం లేకుండా తిరిగి వచ్చామన్న బాధ మాత్రం పోలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. దవాఖానాలో లైను ఒకటి కాదు, రెండు. మొదటిది రిజిస్ట్రేషను కౌంటరుది, రెండోది డాక్టరుది. అపాయింటుమెంటు ఇచ్చేది రెండోదానికి మాత్రమే. మొదటిదానికి వేళ లేదు, లెక్క లేదు. రోగి ఎప్పుడు వచ్చాడన్నది గేటు దగ్గర ఎవరూ రాసుకోరు. చీటీ మీద పడే వేళే అతను వచ్చిన వేళ. కౌంటరులో జరిగిన ఆలస్యమంతా రోగి ఖాతాలో పడిపోతుంది.

ఈ ఆలస్యం ఎలా పెరుగుతుందో తెలియడానికి ఒక చిన్న లెక్క చూద్దాం. మా ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడా దీన్ని చేయించాను. పొద్దున 8 గంటలకు తలుపులు తెరిచేసరికి 120 మంది ఉన్నారనుకోండి. మూడు కౌంటర్లు. ఒక్కొక్కరికి 4 నిమిషాలు. అంటే ఒక కౌంటరులో గంటకు 15 మంది, మూడింటిలో కలిపి 45 మంది. చివరి మనిషికి చీటీ దొరికేసరికి 2 గంటల 40 నిమిషాలు, అంటే 10.40 అవుతుంది. ఆ మనిషికి 10 గంటలకు అపాయింటుమెంటు ఉంటే, రెండు గంటల ముందే వచ్చి కూడా పోగొట్టుకున్నట్టే.

ఇప్పుడు 4 నిమిషాల పనిని 3 నిమిషాలు చేయండి. గంటకు 60 మంది అవుతారు. చివరి మనిషికి సరిగ్గా 10 గంటలకు చీటీ అందుతుంది. తలకొక్క నిమిషం తగ్గితే చివరివాడికి 40 నిమిషాలు మిగిలాయి. లేదా 4 నిమిషాలే ఉంచి నాలుగో కౌంటరు తెరిచినా ఫలితం అదే. లెక్క చేసిన తర్వాత ఒక పిల్ల లేచి, "మరి ఎందుకు తెరవరు టీచర్?" అని అడిగింది. పిల్లలకు తోచిన ఈ ప్రశ్న పెద్దలకూ తోచాలి.

ఈ విషయం మీద ప్రపంచంలో ఆలోచించినవారు లేకపోలేదు. 1952లో ఇంగ్లండులో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రజ్ఞుడు, వెల్చ్ అనే ఆయనతో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని రోగులను గుంపుగా ముందే పిలిపించి కూర్చోబెట్టడం వల్ల వందలమంది కాలం వృథా అవుతున్నదని అందులో చూపించారు. మొదట ఇద్దరిని పిలవండి, ఆ తర్వాత ఒక రోగిని చూడడానికి సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడంతో ఒక్కొక్కరినీ పిలవండి, డాక్టరు ఖాళీగా ఉండరు, రోగీ ఎక్కువసేపు కూర్చోడు అని సలహా ఇచ్చారు. మంచి సలహా. కాని అది రోగి వేళకు డాక్టరు గది దగ్గర ఉంటాడని అనుకుని వేసిన లెక్క. మన దగ్గర రోగి గేటు దాటినా గది చేరడు. కాబట్టి మొదటి లైనును చక్కబెట్టనిదే రెండో లైనుకు ఇచ్చిన వేళకు అర్థం ఉండదు.

ఇది కాని పనేమీ కాదు. మా జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రజలకు ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని కర్ణాటకలో 2011లో ఒక చట్టం చేశారు. దానినే సకాల అంటారు. 2012 మార్చిలో దానిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన నాలుగు తాలూకాలలో మా బీదరు జిల్లాలోని ఔరాదు ఒకటి. అర్జీ ఇవ్వగానే నంబరు వేసిన రసీదు ఇస్తారు. గడువు ఆ రసీదు నుంచి మొదలవుతుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండా పరిహారం కోరవచ్చు. డబ్బు చిన్నదే. అందులోని న్యాయం పెద్దది. ఆలస్యం కార్యాలయానిదైతే దాని భారం అర్జీదారు మీద పడకూడదన్నదే ఆ న్యాయం. అదే న్యాయాన్ని దవాఖానా గేటు దగ్గరికి తీసుకురమ్మని నేను అడుగుతున్నాను.

అందుకు దవాఖానాలు చేయవలసిన పనులు కొన్నే. మొదటిది, గేటు దగ్గరే ఒక టోకెను ఇచ్చి దాని మీద వచ్చిన వేళ వేయాలి. ఆ వేళ పైన డాక్టరు గది దగ్గర కూడా కనబడాలి. రెండోది, అపాయింటుమెంటు ముందే ఉన్న పాత రోగులకు వేరే లైను పెట్టాలి. కొత్త ఫైలు తెరవవలసినవారిని, మూడో ఇంజెక్షనుకు వచ్చినవారిని ఒకే వరుసలో నిలబెట్టడం సరికాదు. మూడోది, పిలిచినప్పుడు లేనివారి పేరు కొట్టివేయకుండా పక్కన పెట్టి, ఇద్దరు ముగ్గురి తర్వాత మళ్లీ పిలవాలి. నాలుగోది, దూరపు ఊళ్లవారికి పొద్దుటి వేళ కాకుండా కొంచెం ఆలస్యపు వేళ ఇవ్వాలి. దవాఖానా పక్క వీధివారు పొద్దున్నే రాగలరు. బీదరు నుంచి వచ్చేవారికి అది కష్టం.

నిమిషాలు తగ్గించే సాధనాలూ వచ్చాయి. 2022 అక్టోబరు నుంచి చాలా ప్రభుత్వ దవాఖానాల్లో క్యూఆర్ గుర్తును సెల్ ఫోనుతో స్కాను చేస్తే పేరు, వయసు, చిరునామా నేరుగా కౌంటరుకు వెళ్లి టోకెను వచ్చే పద్ధతి మొదలైంది. దానికి ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఉండాలి. అయితే మా అత్తమ్మ వంటివారికి ఆ ఫోను ఉండదు, ఉన్నా చదవలేరు. యంత్రం పక్కన సాయం చేసే ఒక మనిషి లేకపోతే ఆ సౌకర్యం చదువుకున్నవారికే మిగిలిపోతుంది.

మనం చేయవలసినవీ ఉన్నాయి. ముందు రోజు రాత్రే పాత ఫైలు, ఆధారు కార్డు, డాక్టరు రాసిన చీటీ ఒకే సంచిలో పెట్టుకోండి. అన్నిటి మీదా పేరు ఒకేలా ఉన్నదో లేదో చూసుకోండి. మనలాంటి సరిహద్దు జిల్లాలవారికి ఇది చాలా ముఖ్యం. కన్నడంలో ఒకరకం, తెలుగులో ఒకరకం పేరు ఉంటే తీరిక ఉన్న రోజున సరిచేయించుకోండి. దవాఖానాకు చేరగానే ఒకరు లైన్లో నిలబడండి, ఇంకొకరు అపాయింటుమెంటు కాగితం పట్టుకుని నేరుగా పైకి వెళ్లి, "మేము వచ్చాము, కింద లైన్లో ఉన్నాము, రాసుకోండి" అని చెప్పండి. ఆ రోజు నేను ఈ పని చేయలేదు. మా మరిది ఖాళీగానే నిలబడి ఉన్నాడు, అతన్ని పంపాలన్న ఆలోచన నాకు రాలేదు. అయినా వెనక్కి పంపిస్తే కోపంతో కేకలు వేయకండి. ఎన్ని గంటలకు వచ్చిందీ, ఎన్ని గంటలకు చీటీ అందిందీ ఒక కాగితం మీద రాసి సూపరింటెండెంటుకు ఇవ్వండి. నోటి మాట ఆ పూటతో పోతుంది, కాగితం ఫైలులో నిలుస్తుంది. ఇంకొక మాట. మీరు వెళ్లలేని రోజున ముందే తెలియజేయండి. ఆ వేళ ఇంకొక రోగికి అక్కరకొస్తుంది.

డాక్టర్లను గాని, కౌంటరులోని సిబ్బందిని గాని తప్పుపట్టడానికి నేను ఈ మాటలు చెప్పడం లేదు. వారి మీద ఎంత భారం ఉన్నదో లైను చూస్తేనే తెలుస్తుంది. అపాయింటుమెంటు అంటే ఇద్దరి మధ్య మాట. రోగి వేళకు వచ్చి తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి గేటు దగ్గర ఎవరైనా రాసుకుంటే చాలు, మిగిలినదంతా చక్కబడుతుంది.

మా అత్తమ్మ మూడో ఇంజెక్షను తర్వాత వేయించుకుంది. ఆ రోజున మా మరిది ముందుగా పైకి వెళ్లి చెప్పి వచ్చాడు. పట్టీలో ఆమె పేరు పక్కన "వచ్చారు" అని పెన్సిలుతో రాశారట. ఆ ఒక్క మాట రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో మీరే ఆలోచించండి.