తెర మీది ప్రయోగం, బల్ల మీది ప్రయోగం

(ఔషధ పరిశ్రమ కార్మికులు, కళాశాలల ప్రయోగశాలా సిబ్బంది ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కామ్రేడ్స్!

విశ్వవిద్యాలయాలలో విశ్లేషణాత్మక రసాయన శాస్త్రాన్ని కంప్యూటరు అనుకరణ ప్రయోగాల ద్వారా బోధించటంపై మన వైఖరి ఏమిటని పలువురు ప్రతినిధులు అడిగారు. నూతన సాధనాలకు మనం వ్యతిరేకులం కాము. అవి దేనికి బదులుగా వస్తున్నవన్నదే మన ప్రశ్న.

మేలును మొదట ఒప్పుకుందాం. ఔషధాల నాణ్యతా పరీక్షలో వాడే హెచ్.పి.ఎల్.సి. యంత్రాన్ని తీసుకోండి. ద్రావకంలో ఎసిటోనైట్రైల్ శాతం మార్చినపుడల్లా కాలమ్ స్థిరపడేవరకు వేచి ఉండాలి. ఆ ద్రావకం ఖరీదైనది, విషపూరితమైనది. తెర మీద అదే మార్పు క్షణాలలో జరుగుతుంది. కలిసిపోయిన రెండు పీక్‌లు ఎట్లు విడిపోతున్నవో విద్యార్థి కళ్ళారా చూస్తాడు, రిజల్యూషన్ 1.5కు చేరితే అవి దాదాపు పూర్తిగా వేరయినట్లే. తప్పు చేసినా యంత్రం చెడదు. 2009లో ప్రారంభమైన జాతీయ విద్యా మిషన్ క్రింద ఏర్పడిన వర్చువల్ ల్యాబ్స్ ఇట్టి రసాయన ప్రయోగాలను మారుమూల విద్యార్థికి కూడ ఉచితంగా అందించినవి.

కాని తెర నేర్పనిది ఉన్నది. బ్యూరెట్ మొనలో చిక్కిన గాలిబుడగను గుర్తించటం, ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు నిలిచే ఆ ఒక్క చుక్క వద్ద చేయి ఆపటం అభ్యాసంతోనే అబ్బుతాయి. ద్రావకపు ఆవిరి తెరలోనుండి ముక్కుకు సోకదు. గ్రాఫు చదవటం వచ్చుగాని పిపెట్టు పట్టటం ఉద్యోగంలో చేరాకనే నేర్చుకున్నానని ఒక యువ కార్మికురాలు నాతో చెప్పింది.

2020 లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక ప్రయోగాలు తెర మీదికి చేరినవి. ఆ అవసరం తీరిన తరువాత కూడ అదే చాలునన్న వాదం వినవస్తున్నది. ఆ వాదాన్ని అంగీకరిస్తే ల్యాబ్ అటెండరు ఖాళీలు భర్తీ కావు, రసాయనాలకు నిధులు రావు. అట్లు చదివిన యువకుడే రేపు ట్రైనీగా చేరి మందుల బ్యాచ్ పరీక్షా పత్రంపై సంతకం చేస్తాడు. ఫలితం తప్పయితే సంజాయిషీ అతనిని అడుగుతారు గాని, ప్రయోగశాలకు తాళం వేసినవారిని కాదు. ఆ మందు మింగేవాడు రోగి.

కనుక మన కోర్కెలు మూడు. అనుకరణ ప్రయోగం బల్ల మీది ప్రయోగానికి ముందు సాధనగా ఉండాలి, దానికి బదులు కారాదు. ద్రావకాలలో ఆదా అయిన సొమ్ము పరికరాలకు, రక్షణ ఏర్పాట్లకు వినియోగించాలి. సిబ్బందిని తొలగించక, ఖాళీలు నింపి, ఈ కొత్త సాధనంలో వారికి శిక్షణ ఇవ్వాలి.

ఈ కోర్కెలను ప్రతి శాఖలోను చర్చించి, అధ్యాపకులను, విద్యార్థులను కలుపుకొని ముందుకు సాగవలసిందిగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.