జంతువులకు దిక్కు తెలియు విధము

కోటబొమ్మాళి చుట్టుపట్ల ఎడ్లబండ్లు విరివిగా నడచిన దినములలో, సంతనుండి తిరిగివచ్చు బండివాడు పగ్గములు వదలి కునుకు తీసినను ఎడ్లు త్రోవ తప్పక ఊరు చేరెడివి. నారాయణవలస సంతలో అమ్ముడుపోయిన యెద్దు నాలుగు దినములకు పాత యజమానుని సాలముందు వచ్చి నిలిచినదను మాటయు నేను పలుమారు వినియున్నాను. నోరులేని జీవమునకు దారి యెవరు చెప్పిరని మనము ముచ్చటపడి ఊరకుందుము. వాసనకును, కాలికి అలవడిన నేలకును ఇందు భాగము గలదు. వానిని నేటికి ప్రక్కనుంచి, కంటికి గల భాగమును గూర్చి మనవి చేసెదను.

ఉన్నచోటు తెలియుట వేరు, దిక్కు తెలియుట వేరు. రాత్రి రైలులో నిదురించి కోటబొమ్మాళి స్టేషనులో దిగిన ప్రయాణికుని తలచుకొనుడు. పలకపై ఊరి పేరు చదువును. తా నెచ్చట నున్నదియు నతనికి సందేహము లేదు. అయినను పలాస యుండవలసిన వైపున శ్రీకాకుళము రోడ్డు ఉన్నట్లు తోచును. అతని మనస్సులోని తూర్పు పడమరలు తారుమారైనవి. తెల్లవారి సూర్యుడు పడమట ఉదయించినట్లు కనిపించినపుడుగాని ఆ భ్రమ వదలదు. చోటును గుర్తించు కణములను లండనులో జాన్ ఓకీఫ్ అను శాస్త్రజ్ఞుడు 1971లో ఎలుక మెదడునందు కనిపెట్టి యుండెను. దిక్కును గుర్తించు కణములు వేరుగా బయటపడినవి.

వానిని 1984లో న్యూయార్కునందు జేమ్స్ రాంక్ అను నాతడు కనుగొనెను. ఎలుక మెదడులో వెండ్రుకవంటి తీగ నమర్చి, ఒక్కొక్క కణము పలుకు తీరును వినుచుండగా, ఒక కణము ఎలుక తల ఒక దిక్కునకు తిరిగినపుడే చురుకుగా పలికెను. తల ప్రక్కకు మరలగనే సన్నగిల్లెను. ఎలుక ఏ మూలనున్నను, నిలిచినను, నడచినను ఇదే తీరు. ఒక కణము ఒక దిక్కునకు, వేరొకటి వేరొక దిక్కునకు; అన్నియు కలిసినచో ఒక దిక్సూచి. కాని ఓడవారి దిక్సూచివలె దీనికి అయస్కాంతముతో పనిలేదు. మరి దీని ముల్లును నిలుపున దేది?

రాంక్, టౌబ్, ముల్లర్ అను మువ్వురు 1990లో దీనికి సమాధానము ప్రకటించిరి. గుండ్రని గోడగల తొట్టిలో ఎలుకను విడిచి, గోడకు తెల్లని అట్ట యొకటి తగిలించిరి. ఎలుక లేని సమయమున ఆ అట్టను పావు చుట్టు త్రిప్పి, మరల ఎలుకను దింపగా, కణములు పలుకు దిక్కు కూడ ఇంచుమించు పావు చుట్టు తిరిగెను. అట్ట తీసివేసినను కణములు పలుకుట మానలేదు. చీకటిలో సైతము మెదడు తన మెడ మలుపులను లెక్కగట్టుకొని దిక్కును కొంతసేపు నిలుపుకొనును; పిమ్మట ఆ లెక్క మెల్లగా జారిపోవును. గంతలు కట్టిన గానుగెద్దు తిరుగుచునే యుండును గాని, ఎటు తిరిగియున్నదో దానికి తెలియదు గదా! ఆ జారుడును సరిదిద్దునది కంటికి కనబడు గుర్తే.

అయితే మెదడు కనబడిన ప్రతి గుర్తును నమ్మునా? నమ్మదు. 1995లో నీరిమ్ అనువారును, వారి సహచరులును ఒక చక్కని పరీక్ష చేసిరి. తొట్టిలో దింపుటకు ముందు ప్రతిసారియు కొన్ని ఎలుకలను త్రిప్పి త్రిప్పి దిక్కు తెలియకుండ చేసిరి. అట్టి ఎలుకలకు ఆ అట్ట ఒక్కొక్కసారి ఒక్కొక్క దిక్కున నున్నట్లు తోచియుండును. వాని కణములు అట్టను సరిగా లక్ష్యపెట్టలేదు. స్థిరముగా నున్నదని అనుభవమున తేలిన గుర్తునే మెదడు ప్రమాణముగా గైకొనును. నాకు ఈ పరీక్ష తక్కిన వానికంటె ఎక్కువ రుచించినది. కదలు మేఘమును గుర్తు పెట్టుకొనువాడు వెర్రివాడే గదా! ఎలుక అంత వెర్రిది కాదు.

పండ్లపై ముసరు చిన్న ఈగకును ఈ యేర్పాటు గలదు. దాని మెదడు నడుమ గాజువంటి వలయ మొకటి యున్నది. ఈగ తిరిగినకొలది ఆ వలయమునందు చురుకుదనము ఒక చోటినుండి మరియొక చోటికి జరుగునని సీలిగ్, వివేక్ జయరామన్ అనువారు 2015లో చూపిరి. ఆవగింజకంటె చిన్న మెదడులో ముల్లు తిరుగుట కంటికి కనబడినదన్నమాట.

ఇక మన తీరమునకు వత్తము. కోటబొమ్మాళికి సముద్రము దూరము కాదు. భావనపాడు, బారువ మొదలగు తీరములకు చలికాలపు చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి, ఇసుకలో గుంటచేసి, ఒక్కొక్కటి ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి మరలిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు సాధారణముగా రాత్రివేళ పైకి వచ్చును. తల్లి దగ్గర లేదు, పూర్వానుభవము లేదు, ఎలుకవలె గుర్తును పరీక్షించి నమ్ముటకు వ్యవధియు లేదు. వానికి పుట్టుకతో వచ్చినది ఒకే నియమము: నేలబారున ఎక్కడ వెలుతురు హెచ్చుగా నున్నదో అటు పోవలెను, నల్లగా ఎత్తుగా కనబడు దానికి దూరముగా పోవలెను. చుక్కల వెలుగు నీటిపై పడి సముద్రము మెరయును. వెనుక ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, మొగలి పొదలు నల్లగా నుండును. లక్షల సంవత్సరములు ఆ నియమము చాలెను.

ఇప్పుడు సరుగుడు తోట వెనుక ఒక వీధిదీపము వెలిగిన దనుకొనుడు. పిల్ల నీటికి వీపు త్రిప్పి ఊరివైపు నడచును. అది తప్పుదారి యని తెలుపునది దాని కేదియు లేదు. తెల్లవారులోగా కుక్కలకో, పీతలకో చిక్కును. మిగిలినది ఎండకు ఆరిపోవును. మూలపేటవద్ద 2023 ఏప్రిలులో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. రేవున్నచోట దీపములు తప్పవు; నేను వానిని వలదనువాడను గాను. దీపమునకు సముద్రమువైపు మూత పెట్టుట, స్తంభమును పొట్టిగా నిలుపుట, తెల్లని వెలుగునకు బదులు ఎర్రని వెలుగు వాడుట కష్టమైన పనులు కావు. తాబేటిపిల్లల కంటికి నీలపు, తెల్లని వెలుగులు తగిలినంతగా ఎరుపు తగులదు.

కంచెలలో పొదిగించిన పిల్లలనుగూడ నీటిలో వేయక, ఇసుకపై విడిచి నడువనిచ్చుట వాడుక. ఆ వేడుక చూడబోవు శ్రోతలకు నాదొక విన్నపము. ఫొటో తీయుటకై మెరుపుదీపము వెలిగింపకుడు. చేతిలోని టార్చిని ఆర్పుడు. పిల్లలకు సముద్రమునకు నడుమ గాక, వాని వెనుక నిలువుడు. సెలవు.