కార్యాలయపు కంప్యూటర్లకు కొత్త వ్యవస్థ: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు

(గోదావరి డెల్టా గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక ప్రచారశాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు కొంత కొత్తగా నుండును. రోడ్లు, మంచినీరు, మురుగు కాలువలు, వీధిదీపములు మన సమావేశములలో తరచుగా చర్చకు వచ్చును. కంప్యూటరులోని డ్రైవరును గూర్చి చర్చించిన పంచాయతీని నేనింతవరకు చూడలేదు. డ్రైవరు అనగానే ట్రాక్టరు నడుపువాడు మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ డ్రైవరు వేరు. కంటికి కనబడడు, జీతము పుచ్చుకొనడు. కాని ఇతడొక్కపూట పని మానినచో కార్యాలయపు గుమ్మములో ముప్పదిమంది నిలువవలసివచ్చును.

2019వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల వ్యవస్థ మన కరపలోనే ప్రారంభమైన సంగతి మీరెరుగుదురు. నాటినుండి, పూర్వము మండల కేంద్రమునకు పోయి తెచ్చుకొనవలసిన పనులు పెక్కు ఊరిలోనే జరుగుచున్నవి. పిల్లవాని కుల ధ్రువపత్రమైనను, ఆదాయ ధ్రువపత్రమైనను కంప్యూటరు ద్వారానే రావలెను. ఆధారు సరిచూచుటకు వేలిముద్ర యంత్రము, పత్రము చేతికిచ్చుటకు ప్రింటరు కావలెను. పంచాయతీ నిధుల చెల్లింపు ఈ-గ్రామస్వరాజ్ ద్వారా జరుగునప్పుడు డిజిటల్ సంతకపు టోకెనును కంప్యూటరునకు తగిలింపవలెను. బొటనవ్రేలంత ఆ వస్తువును కంప్యూటరు గుర్తింపకున్నచో, బ్యాంకులో సొమ్ము ఉండియు మంచినీటి పైపులవానికి బిల్లు చెల్లదు.

ఈ యంత్రములను కంప్యూటరు గుర్తించుట ఎట్లు? డెల్టాలో పుట్టినవారికి ఒక ఉపమానము చాలును. ధవళేశ్వరము, బొబ్బర్లంక, విజ్జేశ్వరముల వద్ద ప్రధాన కాలువలకు నీరు వదలుదురు. ఎంత నీరు వదలవలెనో నిర్ణయించువారు ఇంజనీర్లు. కాని మీ ఊరి కాలువమీది తూము తలుపు నెత్తువాడు లస్కరు. ఆ తలుపు ఎన్ని చుట్లు త్రిప్పిన ఎంత లేచునో, ఎక్కడ బిగుసుకొనునో అతనికే తెలియును. ఇంజనీరునకు ప్రతి తూము గుణమును తెలియనక్కరలేదు. లస్కరునకు ఉత్తరువు అందిన చాలును. కంప్యూటరులో ఇంజనీరు స్థానమున నున్నది ఆపరేటింగ్ సిస్టము. ప్రింటరు, వేలిముద్ర యంత్రము, టోకెను ఇవి తూములు. లస్కరే డ్రైవరు. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్కడు.

ఇప్పుడు పై కార్యాలయములో ఇంజనీరు మారి, ఉత్తరువు లిచ్చు తీరును మార్చెననుకొనుడు. పాత లస్కరునకు ఆ ఉత్తరువు బోధపడదు. తూము చెడలేదు, కాలువలో నీరున్నది, పొలము మాత్రము ఎండుచున్నది. మరియొక చిక్కు కలదు. పాతవానిని మానిపింపకయే కొత్త లస్కరును నియమించినచో, ఒకడు తలుపు నెత్తగా రెండవవాడు దించును. డ్రైవర్ల సంఘర్షణ యనగా నిదియే.

అట్లయిన పాత వ్యవస్థనే ఉండనిచ్చిన నేమి యని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. విండోసు 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతును ముగించినది. కొంత అదనపు కాలము రక్షణ సవరణలు పొందు ఏర్పాటు వేరుగా నున్నను, దానికిని గడువు కలదు. సవరణలు ఆగిన కంప్యూటరు గండి పూడ్చువారు లేని గట్టు వంటిది. మన ఊరివారి ఆధారు సంఖ్యలు, బ్యాంకు వివరములు ఆ కంప్యూటరు గుండనే పోవుచున్నవి. కావున నేడో రేపో మార్పు తప్పదు. దానిని ఎట్లు చేయవలెననునదే మన విచారణ.

విండోసు 11 అనునది 64 బిట్ల పద్ధతిలో మాత్రమే లభించును. 32 బిట్ల పద్ధతికి వ్రాసిన డ్రైవరు అందు పనిచేయదు. పాత కంప్యూటరులో 32 బిట్ల విండోసు ఉన్నచో, దానికి తగిలించిన యంత్రములన్నింటికి వేరు డ్రైవర్లు వెదకవలసినదే. టి.పి.ఎం. 2.0 అను రక్షణ భాగము లేని కంప్యూటరును ఆ సంస్థ విండోసు 11కు యోగ్యముగా అంగీకరింపదు. మెమరీ ఇంటెగ్రిటీ అను ఒక కాపలా కూడ కలదు. తన నియమములకు లోబడని పాత డ్రైవరును అది లోనికి రానీయదు. ఆ కాపలాను తీసివేసినచో పాత డ్రైవరు పనిచేయునని కొందరు సలహా చెప్పుదురు. తలుపు బిగుసుకొన్నదని గోడ పగులగొట్టుట వంటిదది. ప్రజల వివరములున్న కార్యాలయమునకు ఆ సలహా తగదని నా అభిప్రాయము.

నేను కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదను. కార్యాలయము పేరు, ఊరి పేరు చెప్పను. అచ్చట పదునొకండు కంప్యూటర్లు కలవు. ఒక శుక్రవారము రాత్రి అన్నింటికిని కొత్త వ్యవస్థ ఎక్కించిరి. మరొక పనిపై నేను సోమవారము ప్రొద్దుట అచ్చటికి పోయితిని. వేలిముద్ర యంత్రములలో ఎర్రని దీపము వెలుగుచున్నదే గాని, ఒక్క వేలును గుర్తించుట లేదు. అచ్చటి కుర్రవాడు తెలివిగలవాడు, శ్రమించువాడు. యంత్రము తయారుచేసిన కంపెనీవారి కొత్త డ్రైవరును, దానితోపాటు ఉండవలసిన రిజిస్టర్డ్ డివైసు సర్వీసును తెచ్చి, మధ్యాహ్నమునకు పదునొకండింటను ఎక్కించెను. ఏడు కంప్యూటర్లు బాగుపడినవి. నాలుగింటిలో మాత్రము “యంత్రము సిద్ధముగా లేదు” అను మాటయే తెరమీద కనబడుచుండెను.

మూడు దినములు అట్లే గడచినవి. యంత్రములు పాడైనవని ఒకరు, కొత్త వ్యవస్థయే చెడ్డదని ఒకరు అనిరి. కుర్రవానికి పని తెలియదని అనినవారును లేకపోలేదు. ఆ మూడు దినములలో లంక గ్రామమునుండి పంటు దాటి వచ్చిన వృద్ధుడొకడు రెండుసార్లు తిరిగిపోయెను. అతడు మూడవసారి వచ్చినప్పుడు తన వ్రేళ్లను లుంగీకి రుద్దుకొనుచు, “నా వేళ్లే అరిగిపోయినట్టున్నాయండి” అనెను. తప్పు తనదేయని అతడనుకొనెను.

అసలు సంగతి బుధవారము సాయంత్రము బయటపడినది. ఏడు కంప్యూటర్లు ఒక దఫాలోను, నాలుగు తరువాతి దఫాలోను వచ్చినవి. తరువాతి నాలుగింటి వేలిముద్ర యంత్రములు వేరొక కంపెనీవి. పైకి రెండును నల్లని పెట్టెలే. కుర్రవాడు ఏడింటికి తగిన మందునే నాలుగింటికిని వేసెను. దానితో ఆ నాలుగింటిలో రెండు కంపెనీల సర్వీసులు చేరినవి. వేలిముద్ర కావలసినప్పుడు అప్లికేషను మొదట దొరికిన సర్వీసును పిలుచుచుండెను. ఆ సర్వీసునకు చెందిన యంత్రము అచ్చట లేదు గనుక, సిద్ధముగా లేదని అది నిజమే చెప్పుచుండెను. తనదికాని దానిని పూర్తిగా తొలగించి, తన కంపెనీ కొత్త డ్రైవరును ఎక్కించి, కంప్యూటరును ఒకసారి ఆపి మరల నడిపించునప్పటికి నాలుగును బాగుపడినవి. పని పట్టినది అరగంట. దారి తెలియుటకు పట్టినది మూడు దినములు.

ఏ కంప్యూటరునకు ఏ యంత్రము తగిలించియున్నదో వ్రాసిన కాగితమొకటి ఉన్నచో ఇంత జరిగియుండదు. పంచాయతీ సభ్యులు ఆపరేటింగ్ సిస్టమును ఎక్కింపనక్కరలేదు. అది మన పని కాదు. ఆ కాగితము కలదా యని అడుగుట మాత్రము మన పనియే. వీధిదీపములకు రిజిస్టరు ఉంచుచున్నాము గదా! కంప్యూటరు ఏ దఫాలో వచ్చినది, 32 బిట్లా 64 బిట్లా, ప్రింటరు ఏ కంపెనీది, ఏ నమూనా, వేలిముద్ర యంత్రమేది, టోకెను ఏది, వాని డ్రైవర్ల సంఖ్యలేవి అని వ్రాసియుంచవలెను. యంత్రము అడుగుభాగమున నమూనా సంఖ్య సామాన్యముగా ముద్రించియుండును. ఆ డ్రైవర్లను తయారీదారుని వెబ్‌సైటునుండియే తెచ్చి ఒక పెన్‌డ్రైవులో ముందుగా భద్రపరుపవలెను. ప్రింటరు పనిచేయని తొందరలో “ఉచిత డ్రైవర్లు” అని ప్రకటించు ఏదో వెబ్‌సైటునుండి తెచ్చి ఎక్కించుట, దారినపోవువానిని పిలిచి తూము తాళములు చేతికిచ్చుటయే.

కంప్యూటర్లన్నింటిని ఒకే రాత్రి మార్చకూడదు. రకమునకొకటి చొప్పున ముందు మార్చి చూడవలెను. పై కార్యాలయములో నున్నవి రెండు రకములు. రెండింటిని మార్చి చూచిన చాలియుండెడిది. చూచుట యనగా తెర వెలిగినదని సంతోషించుట కాదు. ఒక పత్రము ముద్రింపవలెను, ఒక వేలిముద్ర తీయవలెను, ఒక సంతకము చేయవలెను. డివైస్ మేనేజరు అను పట్టికలో పసుపుపచ్చని త్రికోణముతో ఆశ్చర్యార్థకపు గుర్తు ఎక్కడనైన కనబడినచో ఆ యంత్రమునకు సరియైన లస్కరు లేడనియో, ఉన్నవాడు పనిచేయుట లేదనియో తెలియును. అయితే పైన చెప్పిన నాలుగు కంప్యూటర్లలో ఆ గుర్తు కూడ కనబడలేదు. కావుననే నిజమైన పని చేసి చూడవలెనని చెప్పుచున్నాను.

1852లో పూర్తియైన కాటన్ దొర ఆనకట్ట స్థానమున 1982 నాటికి కొత్త బ్యారేజి సిద్ధమైనది. పాతదానిని ముందు పడగొట్టి, తరువాత కొత్తదాని కట్టుబడి మొదలుపెట్టియున్నచో డెల్టా గతి ఏమైయుండును? కార్యాలయములోను అంతే. కొత్తవి నిలదొక్కుకొనువరకు కనీసమొక కంప్యూటరును పాత వ్యవస్థతోనే ఉంచవలెను. మార్చిన కంప్యూటరు కుదరనిచో వెనుకకు మరలు మార్గమును విండోసు ఉంచును గాని, అది సాధారణముగా పది దినములకే. పదునొకండవ దినమున జ్ఞప్తికి వచ్చిన ప్రయోజనము లేదు. కావున మార్చిన తేదీని కూడ ఆ కాగితముమీదనే వ్రాయవలెను.

ఇది పల్లెటూరి కార్యాలయముల చిక్కు మాత్రమే అనుకొనవలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణ వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు కూలబడినవి. ఆ సంస్థ రక్షణ కార్యక్రమము డ్రైవరువలె వ్యవస్థ లోతులలో పనిచేయునది. విమానములు నిలిచిపోయినవి, మన దేశములోనే కొన్ని విమానాశ్రయములలో బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. పొరపాటును సంస్థ గంటన్నరలోపునే వెనుకకు తీసికొన్నది. అయినను అప్పటికే కూలిన కంప్యూటర్లను పెక్కింటిని మనుష్యులు ఒక్కొక్కదానియొద్దకు పోయి బాగుచేయవలసివచ్చినది. అట్టి సవరణలను ఇకమీదట దఫదఫాలుగా పంపెదమని ఆ సంస్థయే తరువాత ప్రకటించినది.

ఇక కాలమును గూర్చి. ఏటా వేసవిలో కాలువలు కట్టివేసి మరమ్మతులు చేయుదురు. నాట్ల వేళ ఎవరును తూము తలుపు ఊడదీయరు. నెల మొదటి తేదీన పింఛనుల పంపిణీ యుండును. జూను మాసములో విద్యార్థులు ధ్రువపత్రములకై వరుస కట్టుదురు. ఆర్థిక సంవత్సరాంతమున చెల్లింపుల ఒత్తిడి యుండును. ఈ దినములలో మార్పు పెట్టుకొనవద్దని పంచాయతీ తీర్మానించి పై అధికారులకు తెలుపవచ్చును. మార్చు దినమును నిర్ణయించిన పిదప టముకు వేయించినచో, లంకలనుండి ఎవరును పంటు కూలి ఇచ్చుకొని వచ్చి తిరిగిపోరు. ఆ దినమున డిజిటల్ అసిస్టెంటును అరగంటకొకసారి ఫోనులో “అయినదా, అయినదా” అని అడుగకుండుటయు గొప్ప సహాయమే. అధ్యక్షులు మన్నింతురుగాక, ఇది కొందరిని ఉద్దేశించి చెప్పిన మాటయే.

నేను చెప్పిన ఆ కార్యాలయమునకు మొన్న మరల పోయితిని. ప్రతి కంప్యూటరు పెట్టెకును ప్రక్కన చిన్న కాగితము అంటించియున్నది. యంత్రము పేరు, డ్రైవరు సంఖ్య, మార్చిన తేదీ కుర్రవాని చేతివ్రాతలో నున్నవి. పదునొకండు కాగితములు వ్రాయుటకు ఒక మధ్యాహ్నము పట్టినదట. కాలువలు కట్టిన తరువాత మీ ఊరిలో ఈ పని పెట్టుకొనదలచినచో, ఆ కాగితములు వ్రాయుటను ఈ వారముననే మొదలిడవచ్చును.