బాధ లేని మనిషికి మందు

యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవడానికి ఏలూరులో ఇంతమంది చేరడం నాకు సంతోషంగా ఉంది. ఆయన 1895లో పుట్టింది కొల్లేటికి అవతల, భీమవరంలో. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన వెలికివచ్చిన డీఈసీ మందును బోదకాలు నివారణకు నేటికీ వాడుతున్నాం. ఆయన జీవితం గురించి మీరు చాలాసార్లు విన్నారు. ఆ బిళ్ల ఊళ్లోకి వచ్చాక ఎదురయ్యే చిక్కు గురించి నేను మాట్లాడతాను.

బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, రాత్రి పొద్దుపోయాక చర్మం కింది రక్తంలోకి వస్తాయి. అందుకే రక్తపు పూతలు తీసే సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక బయల్దేరి అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరిగేవారు. నిద్రలో ఉన్నవాళ్లను లేపి వేలు చాపమంటే ఎవరు ఇష్టపడతారు? పైగా కాలు వాచిపోయిన రోగి రక్తంలో చాలాసార్లు పురుగు దొరకదు. ఏ జబ్బూ లేనట్టు పొలానికి వెళ్లివస్తున్న మనిషి రక్తంలో దొరుకుతుంది. అతన్ని కుట్టిన దోమే పక్కింటికి జబ్బును మోసుకుపోతుంది. మందు మింగవలసింది అతనే, కానీ ఎందుకు మింగాలో అతనికి తోచదు. నొప్పి లేదు, జ్వరం లేదు. పెద్ద చదువులు చదివినవారు కూడా బిళ్లలు పంచేవారి ముందు చేయి చాపి, వాళ్లు వీధి మలుపు తిరగగానే బిళ్ల పారేయడం మన దగ్గర కొత్త కాదు.

ఈ మనిషి దగ్గరే నా ఉపన్యాసమంతా నిలబడింది. బోదకాలు విషయంలో ఉన్న ఈ చిక్కు బీపీ, షుగర్ల దగ్గరికి వచ్చేసరికి పదింతలైంది.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జనం ఏ జబ్బులతో పోతున్నారో తేల్చే ఒక పని జరిగింది. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి చేశాయి. ఆ ఊళ్ల జనాభా 1,80,162. ఏడాదిలో పోయినవారు 1,354 మంది. మన పల్లెల్లో ఇంట్లో కన్నుమూసిన మనిషికి ఏ జబ్బు వచ్చిందో రాసిపెట్టేవారెవరు? అందుకని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, చావు జరిగిన ఇళ్లకు పంపారు. చివరి రోజుల్లో ఆయాసం వచ్చిందా, ఒక పక్క చేయి పడిపోయిందా, ఎన్నాళ్లు మంచాన ఉన్నారు అని ఇంటివాళ్లను అడిగి రాసుకొచ్చారు. ఆ కాగితాలు చదివి వైద్యులు కారణం తేల్చారు. నూటికి 98 చావుల విషయంలో ఈ విచారణ పూర్తయింది. దుఃఖంలో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఈ ప్రశ్నలు అడగడం ఎంత కష్టమో ఊళ్లలో పనిచేసినవారికి చెప్పక్కర్లేదు. ఇంత ఓపికైన శాస్త్రం మన నేల మీద జరిగిందని ఇక్కడివారికే సరిగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రోహినా జోషి బృందం 2006లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 32 చావులు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధుల వల్లే. క్షయ, విరేచనాల వంటి అంటువ్యాధుల వాటా 12 శాతం. ప్రమాదాలు, ఇతర గాయాల వాటా 13 శాతం, అందులో మూడో వంతు ఆత్మహత్యలు. అదే ఏడాది క్లారా చౌ బృందం ఈ ప్రాంతంలోని 20 ఊళ్ల లెక్క బయటపెట్టింది. 30 ఏళ్లు దాటినవారిలో 13.2 శాతం మందికి షుగర్ ఉంది. వారిలో దాదాపు సగం మందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. పట్నవాసపు జబ్బులని మనం అనుకున్నవి అప్పటికే కాలవ గట్లు దాటి వచ్చేశాయి.

2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ నుంచి, జాతీయ పోషకాహార సంస్థ నుంచి నిపుణులు పరుగున వచ్చారు. రావలసిందే. కానీ ఏటా పక్షవాతంతో మంచం పట్టేవారి కోసం అలా ఎవరూ పరుగెత్తరు. అది ఒక్క వారంలో రాదు, ఒక్క వీధిలో రాదు.

2006 నాటి ఆ లెక్కల తరవాతి ప్రయత్నం పశ్చిమ గోదావరిలోనే, 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 54 గ్రామాల్లో సాగింది. డేవిడ్ పీరిస్, దేవర్శెట్టి ప్రవీణ్ తదితరులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చారు. నలభై దాటినవారి బీపీ కొలిచి, వివరాలు నింపితే, గుండెపోటు ముప్పు ఎంతుందో అది లెక్కకట్టి చెబుతుంది. ముప్పు ఎక్కువున్నవారిని డాక్టరు దగ్గరికి పంపాలి. ఆశాలు ఈ పని చేయగలరని రుజువైంది. కానీ 2019లో ప్రచురించిన ఫలితం చూస్తే, బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దాన్ని ఉన్నదున్నట్టు ప్రకటించిన పరిశోధకులకు నేను నమస్కరిస్తాను. మనకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ ఫలితమే.

జబ్బు కనిపెట్టడం ఒక పూట పని. మందు వాడించడం ఆ మనిషి బతికినంతకాలం సాగే పని. ఇక్కడ తప్పు రోగి మీద తోసేయడం నేను ఒప్పుకోను. తాడేపల్లిగూడెం మార్కెట్‌లో ఉల్లి బస్తాలు దించే కూలీ ఒక పూట కూలి వదులుకుని పీహెచ్‌సీకి వెళితే, డాక్టరు లేరనో, బిళ్లలు వచ్చేవారం వస్తాయనో చెబితే, మళ్లీ ఎందుకు వెళతాడు? ఒంట్లో అతనికి ఏ బాధా లేదు. కొల్లేటి లంకల్లో మగవాళ్లు చేపల చెరువుల గట్ల మీదే కాపలా ఉంటారు. ఆశా ఇంటికి వెళ్లే వేళకు వాళ్లు దొరకరు.

అందుచేత ఈ సభలో ఉన్న వైద్యాధికారులను రెండు కోరతాను. బీపీ పరికరం చెరువు గట్టుకీ మార్కెట్ యార్డుకీ వెళ్లాలి. బీపీ నిలకడగా ఉన్నవారికి వారానికీ పదిరోజులకీ కాకుండా, రెండు మూడు నెలలకు సరిపడా బిళ్లలు ఒకేసారి చేతికివ్వాలి. ఆ బిళ్లలు అయిపోయే తేదీ ఆశా పుస్తకంలో ఉండాలి, ఆ తేదీకి ముందే కొత్తవి పీహెచ్‌సీ అలమరాలోకి చేరాలి.