కళకు కూలి కళంకమా?



కూలి గొని నటించువాడు కళను విక్రయించుననియు, ఉచితముగా నటించువాడే నిజమైన కళోపాసకుడనియు మనలో గొందఱు తలంతురు. ఈ భేదము మాకు సమ్మతము గాదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున 'కీచకవధ'తో బయలుదేరిన సమాజమునకు నాటకమే కూడు, నాటకమే ప్రాణము. బళ్ళారి రాఘవ (1880–1946) న్యాయవాదవృత్తిచే జీవించుచు నటనకు బేరొందిరి. వారి వృత్తిలో ప్రేమకు గొఱత లేదు; ఈయన ప్రేమలో సాధనకు గొఱత లేదు.

ఔత్సాహికులారా! పాఠము కంఠస్థము గాకయే రంగమెక్కి, 'ఇది మాకు వృత్తి కాదు గదా' యని తప్పించుకొనకుడు. ప్రేక్షకుడు తన రాత్రిని మీకిచ్చినాడు. వృత్తినటులారా! నూఱవ ప్రదర్శనమును మొదటిదానివలె నాడుడు. ఇక ప్రేక్షకులమగు మనము ఉచితపు పాసు కోరక టిక్కెట్టు కొందము. కళను ప్రేమించుచున్నామని చెప్పి కళాకారుని పస్తుంచుట ప్రేమ గాదు.