చైనా దేశమున ఒక ఇంటిపేరు కథ

వార్తలు చదువువారికి పరదేశపు పేర్లు పెట్టు చిక్కు ఇంత అంత కాదు. ఒకనాటి సాయంకాలము నా బల్లమీదికి వచ్చిన కాగితములలో మూడు పేర్లు కనిపించినవి. తైవానువారు ఒకరు చెన్, హాంగ్‌కాంగువారు ఒకరు చాన్, సింగపూరువారు ఒకరు తాన్. మూడును వేరు వేరు ఇంటిపేర్లనుకొని చదివి వచ్చితిని. తరువాత చైనా లిపి నేర్చిన మిత్రుడొకరు ఆ పేర్లను కాగితముపై వ్రాసి చూపిరి. మూడు చోట్లను ఇంటిపేరు ఒకే అక్షరము! ఆ అక్షరము వెంట నడచి నేను తెలిసికొన్న సంగతులు కొన్ని నేడు శ్రోతలకు మనవి చేసెదను.

ఒక అక్షరమునకు ఇన్ని పలుకుబళ్లు ఎట్లు వచ్చినవి? 5 అను అంకెను చూచి మనము అయిదు అందుము. హిందీవారు పాంచ్ అందురు, తమిళులు ఐందు అందురు. అంకె మారదు, పలుకు మారును. చైనా అక్షరములును అట్టివే. ఈ ఇంటిపేరు ఉత్తరాదివారి నోట చెన్, కాంటన్ వారి నోట చాన్, దక్షిణ ఫుజియన్ వారి నోట తాన్, వియత్నాములో ట్రాన్. ప్రాచీనకాలమున ఆ పదము దకారమును పోలిన ధ్వనితో మొదలయ్యెడిదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఉత్తరమున అది చకారముగా మారినది. ఫుజియన్‌లో తకారముగా నిలిచినది. చైనావారును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పి, అసలు పేరును తరువాత చెప్పుదురు.

ఇక ఈ పేరు పుట్టిన చోటు. మన ఇంటిపేర్లలో ఊరిపేర్లు ఎన్నో కలవు గదా. చెన్ అనునదియు ఒక సీమ పేరే. క్రీస్తు పూర్వము 11వ శతాబ్దమున జౌ వంశపు వూ రాజు షాంగ్ వంశమును కూలద్రోసి, పూర్వచక్రవర్తుల సంతతివారికి సీమలు పంచియిచ్చెననియు, పురాణప్రసిద్ధుడైన షున్ చక్రవర్తి వంశీకుడు గుయ్ మాన్ అను వానికి చెన్ సీమ లభించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ సీమకు రాజధాని నేటి హెనాన్ రాష్ట్రములోని హువైయాంగ్ ప్రాంతమున ఉండెడిది. ఆ కాలమున కులీనులకు రెండు విధములైన వంశనామములు ఉండెడివి. షింగ్ అనునది మన గోత్రమువంటిది. ఒకే షింగ్ కలవారు పెండ్లియాడరాదు. షీ అనునది శాఖను, సీమను, పదవిని తెలుపునది. ఈ రాజులకు గుయ్ అనునది షింగ్, చెన్ అనునది షీ. చిన్, హాన్ సామ్రాజ్యముల నాటికి ఈ భేదము చెరగిపోయి, షీ అనునదే సామాన్యులకు సయితము ఇంటిపేరుగా స్థిరపడినది.

క్రీ.పూ. 672లో చెన్ రాజ్యమున అంతఃకలహము రేగినది. వాన్ అను రాజకుమారుడు ప్రాణభీతితో చీ రాజ్యమునకు పారిపోయెను. చీ ప్రభువు ఉన్నత పదవి ఇయ్యజూపగా, పరదేశి యైన తనకు అది తగదని వినయముగా తొలగి, శిల్పకారులపై అధికారి పదవితో తృప్తి చెందెనట. అతని సంతతివారు మాత్రము అంతటితో తృప్తి చెందలేదు. తియన్ అను పేరుతో బలపడి, క్రీ.పూ. 481లో చీ ప్రభువును చంపించిరి. అపుడు కన్‌ఫ్యూషియస్ తన ప్రభువు కడకు పోయి, ఈ రాజద్రోహమును శిక్షింపుమని కోరెను. ఆ మాట చెల్లలేదు. క్రీ.పూ. 386లో ఆ వంశమువారే చీ సింహాసనమునకు ప్రభువులుగా గుర్తింపబడిరి. ఈలోగా మొదటి చెన్ రాజ్యమును పొరుగునున్న చూ రాజ్యము కబళించినది. రాజ్యము పోయినను పేరు మిగిలినది.

అయితే చెన్ ఇంటిపేరువారందరును షున్ చక్రవర్తి సంతతివారేనా? వంశావళి గ్రంథములు అట్లే చెప్పును. చరిత్ర ఒప్పుకొనదు. క్రీ.శ. 496లో ఉత్తర వేయ్ చక్రవర్తి తన తెగలవారు చైనా ఇంటిపేర్లు ధరింపవలెనని శాసించెను. అపుడు హౌమోచెన్ అను మూడక్షరముల పేరుగలవారు, చివరి అక్షరము మాత్రము నిలుపుకొని చెన్‌లు అయిరి. వారి తాతలు ఉత్తరపు పచ్చికబయళ్లలో గుఱ్ఱములు మేపినవారు. కావున ఒకే ఇంటిపేరు ఒకే రక్తమునకు సాక్ష్యమని చెప్పవలను పడదు.

311లో లోయాంగ్ నగరము శత్రువుల పాలుకాగా ఉత్తరపు కుటుంబములు అసంఖ్యాకముగా యాంగ్‌ట్సీ నదిని దాటి దక్షిణమునకు వలస పోయినవి. ఆ దక్షిణముననే 557లో చెన్ బాషియన్ అను సేనాని రాజ్యమును చేజిక్కించుకొని, దానికి తన ఇంటిపేరే పెట్టెను. అది 589 వరకు నిలచినది. తాంగ్ చక్రవర్తుల కాలమున చెన్ యువాన్‌గువాంగ్ అను సేనాని ఫుజియన్ అరణ్యసీమలో సైన్యముతో స్థిరపడి, 686లో జాంగ్‌జౌ పాలనను నెలకొల్పెను. తరువాతివారు అతనిని దేవునిగా కొలిచిరి.

దక్షిణమున జియాంగ్‌షీలో చెన్‌వారి ఉమ్మడి కుటుంబ మొకటి ఉండెడిది. తరతరములుగా వేరుపడక, ఒకే కట్టుబాటు క్రింద బ్రతికిన ఇల్లది. ఆ ఇంట నూరు కుక్కలు ఒకే తొట్టిలో తినెడివనియు, ఒకటి రాకున్న తక్కినవి ముట్టకుండెడివనియు కథగా చెప్పుదురు. 1062లో చక్రవర్తి ఆజ్ఞచే ఆ కుటుంబమును విభజించిరి. 3,900 మందికి పైబడిన జనము 291 వాటాలై దేశమంతట చెదరిరని వంశావళులు చెప్పుచున్నవి. ఐకమత్యమునకు పొగడ్త పొందిన ఇంటిని ప్రభుత్వమే విడదీయుట వింతగా తోచును. అంతటి ఇల్లు ఏ ప్రభువుకైనను కొంత భయము కలిగించును గదా!

తరువాత సముద్రయానము. ఫుజియన్ నుండి వచ్చిన బెస్తవారి సంతతి 1225లో వియత్నాము సింహాసనమెక్కి, ట్రాన్ వంశమను పేర 1400 వరకు పాలించినది. మూడు పర్యాయములు మంగోలులను త్రిప్పికొట్టిన ఖ్యాతి ఆ వంశముది. నేడు తైవానులో అత్యధికులకు గల ఇంటిపేరు చెన్. నూటికి సుమారు 11 మంది. చైనాలో దానిది అయిదవ స్థానము. 6 కోట్లకు మించినవారు. సింగపూరు చైనీయులలో తాన్‌లదే మొదటి స్థానము. 1844లో తాన్ తోక్ సెంగ్ అను వర్తకుడు పేదలకై ఆసుపత్రి కట్టించుటకు ధనమిచ్చెను. ఉద్యోగార్థము అచ్చటికి పోయిన తెలుగువారికిని ఆ ఆసుపత్రి పేరు ఎరుకయే. రబ్బరు వ్యాపారియైన తాన్ కా కీ 1921లో షియామెన్ విశ్వవిద్యాలయమును స్థాపించెను. 1934లో వ్యాపారము మూతపడిన పిదపకూడ ఆ విద్యాలయమును 1937 వరకు పోషించెను.

పేరును దాచుకొనవలసిన కాలమును వచ్చినది. 1966 డిసెంబరులో ఇండొనేషియా ప్రభుత్వము చైనా సంతతివారు స్థానికమైన పేర్లు పెట్టుకొనుటను ప్రోత్సహించినది. నాటి భయోత్పాతములో కాదనగలవారు తక్కువ. తాన్‌లు కొందరు సుతాంతో అయిరి, కొందరు హర్తాంతో, మరికొందరు తనుజయ. ఆ పేర్లను చెవియొగ్గి వినుడు. నడుమనో మొదటనో తాన్ అను శబ్దము నిలిచియున్నది. చైనా లిపిని బహిరంగముగా వాడరాదనిన ఆ దేశములో, కాగితముమీద లేని అక్షరమును వారు చెవిలో భద్రపరచుకొనిరి.

ఈ కథలో మరియొక సంగతి చెప్పక ముగింపరాదు. చైనా స్త్రీ పెండ్లియైన పిదపకూడ పుట్టింటి పేరు విడువదు. వినుటకు గౌరవముగనే ఉండును. కాని పూర్వపు వంశావళులలో ఆమె అసలు పేరు కానరాదు. చెన్ ఇంటి ఆడపడుచు అని మాత్రమే అత్తింటి గ్రంథములో వ్రాసిరి. మూడువేల యేండ్లు ఒక పేరును మోసిన తల్లులలో ఎందరికో తమ పేరు మిగులలేదు.

ఇపుడు వార్తలలో చెన్, చాన్, తాన్, ట్రాన్ అను పేర్లు వచ్చినపుడు నేను వాటిని ఎట్టివాటిని అట్లే చదువుదును. వారి వారి తండ్రితాతలు నిలుపుకొన్న ఉచ్చారణను దిద్దుటకు నాకు అధికారము లేదు. కాని చదువుటకు ముందు ఒక్క క్షణము ఆగుదును. ఆ క్షణములో హువైయాంగ్ మైదానమును, ఫుజియన్ తీరమును, పడవ దిగి గుమాస్తా ముందు నిలబడి తనకు వచ్చిన యాసలో ఇంటిపేరు చెప్పిన ఒక బీద వలసకూలియు నాకు కనబడుదురు. మీ ఇండ్లలోను పెద్దలను అడిగి చూడుడు. మన ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు విడిచి వచ్చిన మొదటివా రెవరో. చెప్పగలవారు ఉండగనే అడుగుట మంచిది.