అప్పగించిన నిప్పు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన కాజీపేట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, ఆవిరి బండ్ల డ్రైవరుగా రిటైరయ్యారు. వాళ్ళింటి గుమ్మం పక్కన డ్యూటీ సామాన్ల పెట్టె, లైన్ బాక్సు, ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టాడంటే, అర్ధరాత్రయినా సరే, ఆ పెట్టె వీధిలోకి వెళ్ళాల్సిందే. ఆయన గుర్తుగా ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే నా మనసులో ఒక ప్రశ్న నిలిచింది. బండి ఆగకుండా ఎంత దూరం పోగలదన్నది దేన్నిబట్టి తేలుతుంది? ఇంజను సత్తువనుబట్టా, దాని మీద నిలబడ్డ మనిషి ఓపికనుబట్టా? ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న చోటు లండన్–ఎడిన్‌బరో రైలుదారి. అందుకే ఈ పూట మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్తున్నాను.

ఆ దారి పొడవు దాదాపు 393 మైళ్లు. పాత రోజుల్లో ఒకే ఇంజను అంత దూరం పోయేది కాదు. గ్రాంథమ్, యార్క్, న్యూకాజిల్ వంటి చోట్ల ఇంజన్లు మారేవి. కారణాలు తెలిసినవే. ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరులో నీళ్లు అయిపోతాయి. పొయ్యిలో బూడిద పేరుకుని, కరిగి చిట్టెం కడుతుంది, గాలి ఆడదు, ఆవిరి పడిపోతుంది. ఇంజనుతోపాటు మనుషులూ మారేవారు. ఎవరి ముక్క వాళ్ళు నడిపి, తిరుగు బండిలో ఇల్లు చేరేవారు.

ఈ చిక్కుల్లో నీళ్ల సంగతి ముందుగా తీరింది. 1860లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరు వేల్స్ ఉత్తర తీరంలోని మోక్డ్రి దగ్గర రెండు పట్టాల నడుమ పొడవాటి తొట్టె వేయించాడు. ఇంజను వేగంగా పోతుండగానే ఫైర్‌మన్ టెండరు కింది మూతిని తొట్టెలోకి దించుతాడు. బండి ఊపుకే నీళ్లు పైకి తన్నుకొస్తాయి. తొట్టె అయిపోయేలోపు మూతిని మళ్లీ ఎత్తెయ్యాలి. ఎడిన్‌బరో దారిలోనూ ఇలాంటి తొట్టెలు వచ్చాయి. స్కాట్లండ్ సరిహద్దుకు ఇవతల చివరిది లక్కర్ దగ్గర ఉండేది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1895లో తూర్పు తీరపు, పడమటి తీరపు కంపెనీలు స్కాట్లండ్‌కు పోటాపోటీగా బండ్లు పరుగెత్తించాయి. తర్వాత రెండు పక్షాలూ రాజీపడి, పగటి బండ్లు ఎడిన్‌బరోకు 8¼ గంటలకంటే తక్కువ సమయంలో చేరకూడదని ఒప్పుకున్నాయి. 1928లోనూ ఆ ఒప్పందం నడుస్తూనే ఉంది. వేగంలో పోటీ కుదరదు కాబట్టి పోటీ ఓర్పు మీదికి మళ్లింది. తూర్పు దారి కంపెనీ ఎల్.ఎన్.ఇ.ఆర్. మే 1 నుంచి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ బండిని ఎక్కడా ఆపకుండా నడుపుతామని ప్రకటించింది. పడమటి దారి కంపెనీ ఎల్.ఎం.ఎస్. ఊరుకుంటుందా? నాలుగు రోజులు ముందే, ఏప్రిల్ 27న, తన రాయల్ స్కాట్ బండిని రెండుగా విడదీసి, లండన్ నుంచి ఒకదాన్ని గ్లాస్గోకూ ఒకదాన్ని ఎడిన్‌బరోకూ ఆగకుండా పంపింది. అవి ఒక్కొక్కటి 400 మైళ్ల దాకా ఉన్న పరుగులు. ఘనమైన పనే గాని, ఒక రోజు ముచ్చట. దారిలో మనుషుల్ని మార్చే వీలు ఆ ఇంజన్లకు లేదు. ఎండాకాలమంతా రోజూ నడపాలంటే వేరే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు చేసినవాడు ఎల్.ఎన్.ఇ.ఆర్. ఇంజనీరు నైజెల్ గ్రెస్లీ. టెండరులో బొగ్గుకూ నీళ్లకూ పక్కగా ఒక సందు వదిలాడు. వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 5 అడుగులు. తన ఇంట్లో భోజనాల గదిలో కుర్చీల్ని గోడవారగా పేర్చి, ఆ ఇరుకులో మనిషి పట్టేదీ లేనిదీ తానే దూరి చూసుకున్నాడని చెప్పుకుంటారు. ఇంజను వెనక మొదటి పెట్టెలో రెండో జట్టుకు చోటు కేటాయించారు. లండన్‌లో మొదటి జట్టు బండి ఎత్తుతుంది. యార్క్ దాటాక టోలర్టన్ దగ్గర సగం దారి. అక్కడికి వచ్చేసరికి రెండో డ్రైవరు, రెండో ఫైర్‌మన్ ఒంగి ఆ సందులోంచి, ఇంజను నడిపేవాళ్లు నిలబడే ఫుట్‌ప్లేటు మీదికి వస్తారు. మొదటి ఇద్దరూ అదే సందులోంచి వెనక్కి వెళ్తారు. బండి మాత్రం ఆగదు.

ఆ సందు విలువ తెలియాలంటే పార పట్టినవాడి లెక్క చూడాలి. బరువైన బండికి మైలుకు 40 పౌన్ల బొగ్గు అనుకున్నా, 393 మైళ్లకు ఏడు టన్నులు. ఇద్దరు పంచుకుంటే తలా మూడున్నర టన్నులు. అదీ ఊగే ఇనుప పలక మీద నిలబడి, నాలుగు గంటలు. పొయ్యి నింపేస్తే పని కాదు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ, ఏ మూల పలచబడిందో చూసి అక్కడే వెయ్యాలి. ముందు రాబోయే ఎక్కుడుకు ఇప్పుడే నిప్పు సిద్ధం చేసుకోవాలి. డ్రైవరుకు దారి కంఠతా రావాలి. పొగమంచులోనైనా ఏ సిగ్నల్ ఏ వంతెన వెనక ఉందో, ఏ మలుపు ఎంత వేగం ఓర్చుకుంటుందో తెలిసి, ఆ దారి నాకు వచ్చునని సంతకం పెట్టాలి. ఇంజను కడిగే కుర్రాడిగా చేరినవాడు ముఖ్యమైన బండ్లు నడిపే పై లింకు దాకా ఎదిగేసరికి జుట్టు నెరిసేది.

ఈ ఘనతకు మూల్యం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడితే పెద్దాయనకు న్యాయం చేసినట్టు కాదు. మనిషి పోయిన చోటునుంచి ఆ రాత్రికి ఇల్లు చేరలేనంత దూరం బండి పోతే, పరాయి ఊళ్లో పడుకోవాలి. అలాంటి పనులను అక్కడివాళ్ళు లాడ్జింగ్ డ్యూటీలు అన్నారు. మైలేజీ డబ్బు వచ్చేది నిజమే. కానీ షెడ్డు చప్పుళ్ల మధ్య పగటి నిద్ర, ఇంటి దగ్గర ఖాళీ కుర్చీ కూడా వచ్చేవి. 1949లో ఈ డ్యూటీలు పెంచబోతే ఆ దారిలోని ఇంజను సిబ్బంది ఆదివారాలు సమ్మెకు దిగారు. వాళ్ళు పనికి వెనుదీసేవాళ్లు కారు. ఏడాది ముందే అది రుజువైంది.

1948 ఆగస్టు వరదలకు బెరిక్, డన్‌బార్ మధ్య వంతెనలు కొట్టుకుపోయాయి. బండ్లను లోతట్టున కెల్సో, గాలషీల్స్ మీదుగా చుట్టు తిప్పారు. దూరం 408 మైళ్లు దాటింది. ఫాలాహిల్ దగ్గర దాదాపు 900 అడుగుల ఎత్తెక్కాలి. లక్కర్ తర్వాత తొట్టెలు లేవు కాబట్టి గాలషీల్స్‌లో ఆగి నీళ్లు పట్టుకోవాలన్నది ఏర్పాటు. అయితే ఎడిన్‌బరోలోని హేమార్కెట్ షెడ్డు డ్రైవరు ఒకరు నీటిని పొదుపుగా వాడుకుంటూ ఆగకుండానే వెళ్ళి చూపించారు. చూసి మిగతావాళ్లూ పట్టుకున్నారు. ఆ దారి తిరిగి బాగయ్యేలోగా మొత్తం 17 సార్లు అలా నడిపారు. ఆగే అనుమతి చేతిలో ఉంది, ఆగితే అడిగేవాడు లేడు. ఆవిరిని ఎక్కడ తెరవాలో, ఎక్కడ బండిని దాని ఊపుకు వదలాలో తెలిసినవాళ్ల పంతం అది. దాన్ని మించిన పరుగు 1989లో గాని రాలేదు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను ఆస్ట్రేలియాలో ఆగకుండా 422 మైళ్లు పోయింది.

1953లో వచ్చిన ఎలిజబెతన్ బండి మరుసటి ఏడు లండన్–ఎడిన్‌బరో దూరాన్ని ఆగకుండా ఆరున్నర గంటల్లో ముగించింది. 1961 వేసవితో ఆవిరి మీద ఆ పరుగు ఆగింది. తర్వాత వచ్చిన డీజిలు ఇంజన్లకు ఆ సందు లేదు.

షెడ్డు, లింకు, ఫైర్‌మన్, కాల్‌బాయ్, మైలేజీ అన్న మాటలు మన రైల్వే కాలనీల్లోకి వచ్చింది బ్రిటన్ నుంచే. పరాయి ఊరి నిద్ర కూడా వాటితోపాటే వచ్చింది. దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు రన్నింగ్ రూము. పెద్దాయన జీవితంలో మూడో వంతు రాత్రులు ఆ గదుల్లోనే గడిచాయని వాళ్ళ పిల్లలు చెప్పినప్పుడు, ఆ 18 అంగుళాల సందు నాకు దూరదేశపు వింతగా కనిపించడం మానేసింది. మనిషికి అలుపుంటుందని ఒప్పుకుని ఇంజనులోనే అందుకు చోటు వదిలిన ఇంజనీరు మీద గౌరవం పెరిగింది.

నా ప్రశ్నకు జవాబు టోలర్టన్ దగ్గర దొరికింది. అక్కడ కొద్దిసేపు నలుగురు మనుషులు ఒకే ఫుట్‌ప్లేటు మీద ఉండేవారు. దిగిపోయే ఫైర్‌మన్ పరువంతా అతను అప్పగించే నిప్పులో ఉంటుంది. చిట్టెం లేకుండా, సమంగా, తెల్లగా మండే నిప్పు, గేజీలో నిండుగా నీళ్లు. అవి చేతికిచ్చి అతను సందులోకి ఒంగేవాడు. వెనక పెట్టెల్లో టీ తాగుతున్నవాళ్లకు ఆ మార్పు తెలిసేది కాదు, కప్పు తొణికేది కాదు. బండి ఎంత దూరం పోగలదో తేల్చింది ఆ అప్పగింతే.

పెద్దాయన లైన్ బాక్సును వాళ్ళ పిల్లలు ఇవాళ ఈ వేదిక పక్కన ఉంచారు. వెళ్ళేముందు ఒక్కసారి దాని పిడి పట్టుకుని ఎత్తి చూడండి.